ఆరో కిటికీ ముందు వడ్రంగి బాబాయ్

వరస కనిపిస్తే చాలు, వడ్రంగి బాబాయ్ వెళ్ళి చివర నిలబడతాడు. ఎందుకని అడగడు, ఎంతసేపని అడగడు. ఖాతా లేని బ్యాంకులో గంట నిలబడి, "ఏం కావాలండీ?" అంటే, "ఏమీ వద్దు, మీరు కానివ్వండి" అని వచ్చేశాడు. ఓసారి బళ్ళో చేర్పించే దరఖాస్తు పట్టుకొచ్చాడు.

"నీకు మనవలెక్కడున్నారు బాబాయ్?" అంది పక్క కొట్టు దర్జీ అక్క.

"పుట్టాక పరిగెత్తక్కర్లేదుగా."

హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ సంఘాన్ని నడిపేది ఈ అక్కే. పదేళ్ళుగా తనూ ఆ మాత్రలు వేసుకుంటూ, మరో నలభై మంది చేత మానకుండా వేయిస్తోంది. ఇప్పుడు ఆమె దిగులంతా బేకరీలో పనిచేసే పిల్ల గురించి. ఆసుపత్రిలో ఆ మందులు ఆరో కిటికీలోనే ఇస్తారు. అక్కడ నిలబడితే ఊరికి టముకు వేసినట్టే. పిల్ల మూడుసార్లు గేటు దాకా వచ్చి తిరిగిపోయింది.

"మా ఓనరు భార్య కీళ్ళనొప్పులకి అక్కడికే వస్తుందక్కా. చూసిందంటే పని పోతుంది."

మాత్రలు నాలుగు రోజులకే ఉన్నాయి. అన్ని కిటికీల్లో అన్ని మందులూ ఇవ్వమని సంఘం పెట్టిన అర్జీకి పెద్ద డాక్టరు "చూద్దాం" అని ఆర్నెల్లయింది.

అక్క ఈ గోడు వెళ్ళబోసుకుంటే, బాబాయ్ చెక్కకి చిత్రిక పడుతూనే, "ఆరో దాంట్లో జనం తక్కువా?" అన్నాడు. ఆమెకి ఒళ్ళు మండింది.

మర్నాడు ఆరో కిటికీ ముందు బాబాయ్. చేతిలో మోకాళ్ళ నొప్పుల చీటీ.

"తాతగారూ, ఇది రెండో కిటికీలో ఇస్తారు," అంది మందులమ్మాయి.

"అక్కడ అరవై మంది తల్లీ. ఇక్కడ ఎనిమిదే."

"ఇక్కడ ఇవ్వం."

"ఇచ్చేదాకా నుంచుంటా. నాకలవాటే."

రెండోరోజు దగ్గు చీటీతో రిటైరైన కండక్టరు, షుగరు చీటీతో తాపీమేస్త్రీ, ఇంకా పదకొండు మంది నేస్తాలు. మూడోరోజు వరస గేటు దాటింది. ఏదో మంచిమందు పంచుతున్నారని దారినపోయేవాళ్ళూ చేరారు. ఎవరు దేనికొచ్చారో బ్రహ్మకైనా తెలియదు. పెద్ద డాక్టరు చెమట తుడుచుకుంటూ వచ్చి, "రేపటినుంచి ఏ కిటికీలోనైనా ఏ మందైనా ఇవ్వండి, నన్ను వదలండి" అన్నాడు. సంఘంలో ఈలలే ఈలలు.

నాలుగోరోజు చివరి మాత్ర మింగి పిల్ల వచ్చింది. వెనక బాబాయ్. ఆ వెనక, సరిగ్గా, ఓనరు భార్య.

"ఏమే, నువ్వేంటిక్కడ?"

పిల్ల చీటీని పిడికిట్లో మడిచేసింది. కిటికీ పక్కన నిలబడ్డ అక్క ఓ అడుగు ముందుకేసింది.

"ఎండకి తలనొప్పిట," అన్నాడు బాబాయ్, తలుపులా అడ్డంగా తిరిగి. "మీకు మోకాళ్ళా, మోచేతులా అమ్మా?"

ఆవిడ మోకాళ్ళ దగ్గర మొదలుపెట్టింది.

"తాతగారూ," అంది మందులమ్మాయి లోపల్నుంచి, "పెద్దవాళ్ళు నేరుగా ముందుకి రావచ్చని పొద్దుట్నుంచి మొత్తుకుంటున్నాను."

"వరస తప్పడం మా ఇంటా వంటా లేదమ్మా," అని, అక్కకి మాత్రమే వినపడేలా గొణిగాడు: "నేను కదిల్తే ఆవిడ ఈ పిల్ల భుజమ్మీదికొచ్చేస్తుంది."

పిల్ల పొట్లం సంచిలో వేసుకుని గేటు వైపు నడిచింది.

"కాస్త జరగండి బాబూ," అంది ఓనరు భార్య.

బాబాయ్ గేటు వైపు ఓసారి చూశాడు.

"జరుగుతానమ్మా, జరుగుతా. మోకాళ్ళు కదా, నిదానం."