తట్టడానికి డబ్బా లేదు

ఇరవై రెండేళ్లుగా ఆ ఆసుపత్రి రోగుల రికార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్న ఆపరేటరమ్మ ఇంకా టెంపరరీయే. ఒక్కనాడూ ఎందుకని అడగలేదు. రోజూ పొద్దున్నే పాత కంప్యూటర్ డబ్బాను రెండుసార్లు తట్టి, అది కుయ్‌మన్నాకే కూర్చునేది. మొన్న ఆ కంప్యూటర్ని ఉన్నదున్నట్టు కాపీ చేసి, సర్వర్లో వర్చువల్ మెషీన్‌గా, అంటే డబ్బా లేకుండా నడిచే కంప్యూటర్‌గా మార్చి, పాత డబ్బాను తీసేశారు. ఆన్ చేస్తే మొరాయించి నీలితెర చూపించింది. ఒక్క రికార్డూ తెరుచుకోక, ఆ మార్పు చేసిన ఇంజనీరు తల పట్టుకున్నాడు.

"పాత డబ్బాలో డిస్కు ఐడీఈ అని పాతకాలం రకం బాబూ. ఇందులో నువ్వేం రకం పెట్టావు?" అనడిగింది ఆపరేటరమ్మ.

"కొత్త రకమమ్మా, స్పీడని."

"లోపలున్న పాత విండోస్‌కి ఆ మొహం కొత్త నాయనా! తెలిసిన మొహమే చూపించు."

సెట్టింగుల్లో డిస్కు రకాన్ని ఐడీఈకి మార్చాడు. తెరుచుకుంది. అలవాటుగా పక్కకు వెళ్లిన ఆమె చెయ్యి, తట్టడానికి డబ్బా లేక గాలిలో ఆగిపోయింది.

మీ ఆఫీసులోనూ ఇలాంటావిడ ఉంటుంది. ఆమెను పర్మనెంటు చేయమని రేపే అర్జీ రాయండి. మొదటి సంతకం మీరే పెట్టండి.