ఒడ్డున పడ్డ బంతి

గోల్ఫ్ లీగులో పళ్ళ డాక్టరుగారిని షాట్ కొట్టే ముందు చూసి తీరాలి. చిటికెడు గడ్డి పీకి గాలిలోకి వదులుతారు. తెల్ల గ్లవ్ బిగించుకుని, పక్కవాడి మోకాళ్ళు సరిగ్గా వంగడం లేదని పాఠం చెబుతారు. ఇంత హడావుడీ అయ్యాక బంతి పొదల్లోకి పోతుంది. సీజను చివర కప్పు కోసం జరిగే జట్ల ఆట ఇలాంటివాళ్ళ పాలిటి వరం. జట్టులోని నలుగురూ కొట్టాక, బాగా పడ్డ బంతి దగ్గరినుంచే అందరూ తర్వాతి షాట్ కొడతారు. మిగతావాళ్ళు తమ బంతులు ఏరుకుంటారు. పదిహేడు హోల్స్ అయినా డాక్టరుగారి బంతి ఒక్కసారీ పనికిరాలేదు. తీసి జేబులో వేసుకోవడమే ఆయన ఆట.

చివరి హోల్‌కు కప్పు చేతికందేలా ఉంది. ముగ్గురి బంతులూ చెరువులో మునిగాయి. డాక్టరుగారిది మాత్రం రాయికి తగిలి ఎగిరి గుంట దగ్గరి జెండా పక్కన పడింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు ఆయన ముందే పరుగెత్తారు. మిగతావాళ్ళు చేరేసరికి అక్కడ బంతి లేదు.

"బంతేది బావగారూ?" అన్నాడు జట్టులోనే ఉన్న బావమరిది.

"ఇక్కడే ఉండాలే!" అంటూ ఆయనే అందరికంటే ఎక్కువ వంగి వెతికారు. చెమట తుడుచుకుందామని రుమాలు లాగితే జేబులోంచి బంతి దొర్లింది. అలవాటుపడ్డ చెయ్యి తన పని తాను చేసేసింది. పడ్డచోట గుర్తు పెట్టకుండా ఎత్తిన బంతి చెల్లదన్నాడు ఎదుటి జట్టు కెప్టెన్. కప్పు పోయింది.

భోజనాల బల్ల దగ్గర డాక్టరుగారు నిట్టూర్చారు.

"మీ ముగ్గురిలో ఒక్కడు నీళ్ళలో కొట్టకుండా ఉన్నా కప్పు మనదేనయ్యా. మోకాళ్ళు వంచండని పొద్దుటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను!"