దారం కట్టిన గ్లాసు

ఆ పొద్దున కూడా భూదవ్వ, దారం కట్టిన తన గ్లాసును విడిగా తోమి బోర్లించింది. హెచ్‌ఐవీ అని అత్తవారు వెళ్లగొట్టినప్పటి నుంచీ ఎక్కడ ఇద్దరు గుసగుసలాడినా తన గురించేననుకునేది. యూనివర్సిటీ హాస్టల్లో ఏడేళ్లు వండినా ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు తెలంగాణ కోసం విద్యార్థులు తార్నాక రోడ్డు మీదే వండి తినే వంటావార్పు నిరసన. భూదవ్వ కత్తిపీట అందుకోబోతే విద్యార్థిని పద్మశ్రీ లాక్కుంది. "ఇయాల నువ్వేదీ ముట్టకు అవ్వా! గాడ కూసో." పిల్లలు ముఖాలు చూసుకుని నవ్వారు.

"గీళ్లకు గూడ తెలిసిపోయింది" అనుకుంది భూదవ్వ. అట్నుంచటే పోయి, లాలాగూడలో తన గది ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఎవరైనా చూస్తారని మందులకూ పోలేదు.

ఆమె చనిపోయాక తెలిసింది. రోజూ వండిపెట్టే అవ్వకు ఆ రోజు తామే వండి, మొదటి విస్తరి వడ్డించాలనుకున్నారట పిల్లలు. సాయంత్రం దాకా దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదట.