మూడో చుట్టులో తప్పిన జడ

నా చిన్నప్పుడు మా అమ్మ ముప్పై ఆరు రోజులు మాట్లాడలేదు. ఈ లెక్క పెద్దవాళ్లు చెప్పింది కాదు. వంటింటి గోడ మీద రోజుకొక బొగ్గు గీత గీసింది నేనే. అప్పుడు నాకు పదేళ్లు.

మాది యాలాల్‌కు అవతల, తాండూరు బండల గనులకు దగ్గరి ఊరు. మేకలు, కొన్ని గొర్రెలు, రెండెకరాల కంది చేను మా బతుకు. బండ తీసి వదిలేసిన గుంతల్లో వానాకాలం నీళ్లు నిలిచేవి. వాటిలో ఒకదానికి ఒక పక్క ఏటవాలుగా పాత బండి బాట ఉండేది. మందను అటునుంచి దింపి నీళ్లు తాపేవాళ్లం. మిగిలిన మూడు పక్కలూ గోడల్లా నిటారుగా ఉండేవి. ఒక మధ్యాహ్నం మేకపిల్ల ఒకటి ఆ నిటారు పక్క జారి పడింది. దాని కోసం మా అన్న దిగాడు. మేకపిల్ల ఈదుకుంటూ బాట వైపు చేరింది. అన్నకు ఈత రాదు, పట్టుకోవడానికి ఆ బండలో ఏమీ లేదు. వాడికి పద్నాలుగేళ్లు.

ఆ రోజు మందతో వెళ్లాల్సింది అమ్మ. కోలాటానికి రమ్మని కబురు వస్తే అన్నను పంపింది. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

ఆ కోలాటం గురించి చెప్పాలి. ఒక గుంజ పాతి దాని కొనకు ఎనిమిది తాళ్లు కడతారు. పాత చీరలు చింపి పేనిన తాళ్లు. ఎనిమిది మంది ఎడమ చేత్తో తలా ఒక తాడు పట్టుకుని, కుడి చేతిలో కోల పట్టుకుని తిరుగుతారు. నలుగురు ఇటు నుంచి, నలుగురు అటు నుంచి. ఎదురైన మనిషి కోలకు కోల తగిలించి, ఒకసారి లోపలి నుంచి, ఒకసారి బయటి నుంచి దాటుకుంటూ పోవాలి. తిరిగే కొద్దీ పైన తాళ్లు జడలా అల్లుకుంటాయి. తర్వాత అదే దారిలో వెనక్కి తిరిగి విప్పాలి. దీన్ని జడకోపు అంటారు. మా ఊళ్లో దీనికి ఒక కట్టుబాటు ఉండేది. వేసిన జడను విప్పకుండా ఎవరూ తాడు వదిలి ఇంటికి పోకూడదు. కత్తి పెట్టి కోయడం అసలే కూడదు.

నేర్పించేది కింది వాడకు చెందిన ఒక పెద్దాయన. మేము కోలాటం తాత అనేవాళ్లం. పగలు గనిలో బండలు కొట్టేవాడు, ఆదివారం చర్చిలో పాడేవాడు. జడకు ఎనిమిది మంది కావాలి. మా వాడలో ఆడగలిగిన వాళ్లు ఐదుగురే, వాళ్ల వాడలో ముగ్గురే. అందుకని రెండు వాడల మధ్య ఉన్న కల్లంలో కలిసి ఆడేవాళ్లు. ఒకే గుంజకు కట్టిన తాళ్లు పట్టుకున్న ఆ ఆడవాళ్లు నీళ్లు మాత్రం వేరే వేరే బావుల్లో తోడుకునేవాళ్లు. కోలాటం వల్ల బావులు ఒకటయ్యాయని నేను చెప్పలేను. కాలేదు.

అన్న పోయాక అమ్మ తన కోలలను పొయ్యిలో పెట్టింది. అవి కాలేదాకా అక్కడే కూర్చుంది. ఆ తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. మా నాయన పదకొండో రోజు కాగానే మందను తోలుకుని దోమ అనే ఊరి వైపు వెళ్లిపోయాడు. మా నాయనమ్మ తాయెత్తు కట్టించింది. బండి కట్టి తాండూరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన ఒక మందు సీసా ఇచ్చి బాగా తినిపించమన్నాడు. తినదనే కదా మేము వెళ్లింది. నేను బడి మానేసి జొన్న రొట్టెలు చేయడం నేర్చుకున్నాను. రొట్టె ముందు పెట్టేదాన్ని, ఎండిపోయాక తీసేదాన్ని. నాయనమ్మ నోట్లో పోసే గంజి మాత్రం రెండు గుక్కలు మింగేది. ఒకరోజు బడిలో పంతులు నన్ను కొట్టాడని అబద్ధం చెప్పాను. కోపంతోనైనా లేస్తుందనుకున్నాను. లేవలేదు. బడికే పోవడం లేదని కూడా ఆమెకు తెలియలేదు. చేతి ఎముకలు నాకు స్పష్టంగా కనిపించేవి. ఆమె కూడా పోతుందని నాకు అర్థమైంది. ఆ మాట ఎవరికి చెప్పాలో తెలియలేదు.

ఆ రోజుల్లోనే పక్కింటి అక్క నన్ను కల్లానికి తీసుకెళ్లింది. అమ్మ తాడు ఖాళీగా ఉందనీ, అది నేను పట్టుకోవాలనీ చెప్పింది. నాకు ఇష్టం లేదు. కోలాటం పేరు వింటేనే అన్న గుర్తొచ్చేవాడు. కానీ ఇంట్లో కూర్చోవడం అంతకన్నా కష్టంగా ఉండేది. తాత నన్ను పక్కకు తీసుకెళ్లి నేల మీద గీతలు గీసి అడుగులు నేర్పాడు. మొదట లోపలి నుంచి, తర్వాత బయటి నుంచి. మూడో చుట్టులో కూడా అంతే అన్నాడు. అలా పదహారు లెక్క. ఐదు రోజుల్లో నాకు బాగానే వచ్చిందని అనుకున్నాను. ఆ ఐదు రోజులూ సాయంత్రం పూట కాస్త ఆకలయ్యేది. అది కూడా గుర్తుంది.

ముప్పై ఆరో రోజున తాత గుంజను కల్లంలో కాకుండా మా ఇంటి ముందు, వాకిట్లో పాతాడు. ఆయన మా వాడలోకి పని మీద తప్ప రాడు, వచ్చినా వాకిటి గోడ బయటే నిలబడతాడు. మా నాయనమ్మ కర్ర పట్టుకుని బయటికి వచ్చింది.

“పిల్లగాడు వోయి రెండు నెలలు గాలే. నా ఇంటి ముంగట ఆటలా? నీకు పిల్లలు లేరా?”

తాత తల వంచుకుని నిలబడ్డాడు కానీ గుంజ తీయలేదు. పక్కింటి అక్కకు కూడా భయం వేసింది. లోపల ఉన్నామె లేచొచ్చి అందరినీ తిడితే ఏం చేస్తావని ఆయన్ను మెల్లగా అడిగింది.

“తిట్టనియ్యి బిడ్డా,” అన్నాడు తాత. “తిట్టు గూడ మాటనే గద.”

మొదలుపెట్టారు. చావు జరిగిన ఇల్లని తాత పాట పాడలేదు. తాళాలు మాత్రమే కొట్టాడు. మొదటి రెండు చుట్లు ఎలాగో తిరిగాను. మూడో చుట్టులో నా ఎదురుగా రావాల్సిన మనిషి నా ఎదురుగా లేదు. నా కోల గాలిలో ఆగిపోయింది. తప్పు సరిచేద్దామని ఇంకొకరి కింద నుంచి దూరాను. ఆమె నన్ను తప్పించబోయి మరొకరి తాడుకు అడ్డం పడింది. అయినా తాళం ఆగలేదు. ఇంకో ఐదు చుట్లు తిరిగేసరికి పైన జడ లేదు, పెద్ద ముద్ద ఉంది. తాళ్లు కురచయ్యాయి. ఎనిమిది మందిమీ గుంజ దగ్గరికి గుంపుగా వచ్చేశాం, చేతులు పైకెత్తి.

తాత పైకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయనకూ దారి దొరకలేదని ఆ ముఖం చూస్తే తెలిసింది.

“ఏమే పిల్లా, నీ తలగూడ గిట్లనే అల్లుకుంటవా?” అంది పక్కింటి అక్క. “దువ్వెనతోని గాదు, కొడవలి వెట్టాలె.”

కింది వాడ ఆమె ఒకతి, “మా ఇంటాయన గని నుంచి వచ్చే యాల్లైంది. రొట్టెలు ఈడికెల్లే జేద్దునా, తాడు వట్టుకోని?” అంది.

ఎవరో నవ్వారు. ఆ తర్వాత నవ్వలేదు. పొద్దు వాలుతోంది. ఒకామె చంటిపిల్ల ఎక్కడో ఏడుస్తోంది. గేదెలు ఇళ్లకు వస్తున్నాయి. తాడు వదలడానికి లేదు. కోయడానికి లేదు. ఒకసారి ఇటు జరిగి చూశారు, ఒకసారి అటు. ముద్ద ఇంకా బిగిసింది. నా వల్లనే ఇంతమంది ఇక్కడ ఇరుక్కుపోయారని నాకు ఏడుపు వచ్చింది. అమ్మకు ఏమీ చేయలేకపోయాను, ఇదీ చేతకాలేదు. చేతులు కిందికి దించడానికి లేదు కాబట్టి కన్నీళ్లు కూడా తుడుచుకోలేదు.

అప్పుడు గుమ్మం దగ్గర అమ్మ కనిపించింది. తలుపు చెక్కను పట్టుకుని నిలబడి ఉంది.

“మూడో సుట్టుల తప్పింది,” అంది. గొంతు ఆమెది కాదన్నట్టుగా ఉంది. “అయిదు సుట్లు ఎన్కకు రాండ్రి. మూడో దాంట్ల పిల్ల మొదలు బయటికెల్లి పోవాలె. లోపటికెల్లి పొమ్మని ఎవలు జెప్పిన్రు దానికి?”

ఆమె ఇంట్లో ఉండి మమ్మల్ని చూడలేదు. గోడ వైపు పడుకుని కోలల చప్పుడు వింటూ ఉంది. ఏ చుట్టులో కోలకు కోల తగల్లేదో వినే చెప్పింది.

“నేనే జెప్పిన,” అన్నాడు తాత.

అమ్మ ఆయన వైపు చూసింది. నలభై ఏళ్లుగా జడకోపు నేర్పుతున్న మనిషి అది మరచిపోడు. ఆమె మెల్లగా నడిచి వచ్చి నా చేతిలోంచి తాడు తీసుకుంది.  ఒక్కొక్కరికీ చెప్పింది, నువ్వు అటు, నువ్వు వంగు, నువ్వు ఆగు. ఐదు చుట్లు వెనక్కి, ఆ తర్వాత మూడు. తాళం లేదు, కోలలు లేవు, అడుగుల చప్పుడు మాత్రమే. ఎనిమిది తాళ్లూ విడివిడిగా వేలాడాయి.

విడిపోయాక ఆమె అక్కడే మట్టిలో కూర్చుంది. “నేనే తోలిన వాన్ని,” అంది. “ఆ దినం నేను వోవాలె మేకల ఎంట.”

 ఊరంతా దాచిన మాట అది. నీ తప్పేమీ లేదని ఆడవాళ్లలో ఎవరైనా అంటారని ఎదురుచూశాను. తాత ఆమెకు కాస్త దూరంలో, గోడ ఇవతల, మొదటిసారి మా వాకిట్లో కూర్చున్నాడు.

“నేను రమ్మంటెనే గద నువ్వు వచ్చినవ్,” అన్నాడు.

అంతే.  అమ్మ అప్పుడు గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ మా నాయనమ్మ కర్ర పక్కన పెట్టి ఆమె పక్కన కూర్చుంది. ఆ సాయంత్రం అమ్మ సగం రొట్టె తిన్నది.

తాత నాకు కావాలనే తప్పు అడుగు నేర్పాడని మిగిలిన ఏడుగురికీ ముందే తెలుసునని పక్కింటి అక్క చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. తెలియనిది నాకొక్కదానికే. ఒక చిన్న ముడి పడితే అమ్మ తట్టుకోలేక లేచి వస్తుందని వాళ్లు అనుకున్నారట. అంత పెద్ద చిక్కు పడుతుందని ఎవరూ అనుకోలేదు. తాడు పట్టుకుని నిలబడిన చివరి గంటలో అందరికీ నిజంగానే భయం వేసిందని చెప్పింది.

దీంతో అమ్మకు నయమైందని రాస్తే అబద్ధం అవుతుంది. మాట వచ్చింది, ఆకలి వచ్చింది. వారం తర్వాత నేను బడికి పోయాను, చదువుకున్నాను, పంతులమ్మనయ్యాను. కానీ ప్రతి వానాకాలం ఆమె కొన్ని రోజులు గోడ వైపు తిరిగి పడుకునేది. మళ్లీ కోల పట్టలేదు. గుంత అక్కడే ఉండేది. కోలాటం తాత రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు పాడై, నేను పదో తరగతిలో ఉండగా పోయాడు. ఆయనకు ఎవరమూ ఏమీ చేయలేకపోయాం.

ఇప్పుడు నేను వికారాబాద్‌లో ఉంటున్నాను. మా కాలనీలోని సామాజిక భవనంలో వారానికి రెండు సాయంత్రాలు ఆడవాళ్లు, పిల్లలు కోలాటం ఆడతారు, పాడతారు. బీపీ ఉన్నవాళ్లను ఆరోగ్య కేంద్రం నర్సు అక్కడికే పంపుతుంది. నడవలేని ఒక అమ్మాయి కుర్చీలో కూర్చుని తాళం వేస్తుంది. బడిలో నోరు విప్పని పిల్లలు అక్కడ వరుసలో నిలబడి లెక్క తప్పకుండా పాడతారు. మోకాళ్లకు మంచిదనీ, చదువుకు మంచిదనీ, అందరూ కలుస్తారనీ నిర్వాహకులు చెబుతారు. నిజమే. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, పిల్లల్లో అది తెచ్చే తేడా నాకు తెలుసు. పెద్దదాన్ని కదా, నాలుగు మాటలు చెప్పమని పోయిన నెల నన్ను పిలిచారు. వెళ్లి మోకాళ్ల గురించీ, చదువు గురించీ చెప్పి వచ్చాను. అసలు చెప్పాల్సింది చెప్పలేకపోయాను.

ఈ ఏడాది మొదట్లో మా ఆయన పోయారు. సాయంత్రం ఛాతీలో మంటగా ఉందన్నారు. గ్యాసే అయి ఉంటుంది, పొద్దున ఆస్పత్రికి పోదాం అన్నాను. వాము నీళ్లు ఇచ్చాను. పొద్దున దాకా ఆయన ఉండలేదు. వచ్చిన వాళ్లందరూ నీ తప్పేం లేదమ్మా అన్నారు. మంచివాళ్లు, ప్రేమతోనే అన్నారు. ఆ మాట అనగానే నేను చెప్పబోయింది నా గొంతులోనే ఆగిపోయేది. ఇంకా అక్కడే ఉంది. తోడుగా కూర్చుని, అందులో తన వంతు కూడా ఉందని చెప్పగలిగిన మనిషి ఎవరూ లేరు, ఎందుకంటే ఆ సాయంత్రం ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం.

అందుకే చావు జరిగిన ఇంటికి వెళ్లినప్పుడు తప్పు లేదన్న మాట నేను అనను. వాళ్లు చెప్పేది పూర్తయ్యే దాకా ఆగుతాను. అందులో నా వంతు ఏదైనా ఉంటే, చిన్నదైనా, చెబుతాను. లేకపోతే వాళ్ల దగ్గర కింద కూర్చుంటాను. ఇంతకన్నా నాకు ఏమీ చేతకాదు.