నల్లవాళ్ల పాట, మా ఎల్లవ్వ తిట్టు

నిన్న కొంపల్లి కేఫ్‌లో ఇంగ్లండు బ్యాండు పాడిన బ్లూస్ పాట వేశారు. "ఇంగ్లండోళ్ల పాటంటే గిదిరా!" అన్నాడు గిటార్ నేర్చుకుంటున్న దోస్త్ నవీన్. నాకు ఒళ్లు మండింది.

గాజులరామారంలో మా పక్కింటి కాకినాడ అంకుల్ టేప్ రికార్డర్ గుర్తుందా దోస్తులూ? నొక్కితే టప్పుమనేది, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన వచ్చేది. ఆదివారం ఇలాంటి పాటలే పెట్టేవారు. మా అవ్వ ఎల్లవ్వ గడప మీద చిక్కుడుకాయలు తుంచుతూ వినేది.

"ఒక్క మాటనే రెండుసార్లు పాడుతుండేంది? నాట్లేసేటప్పుడు నేను కట్టిన పాట లెక్కనే ఉన్నది" అంది ఒకసారి.

"ఇది అమెరికా నల్లవాళ్ల పాట మామ్మగారూ! పొలాల్లో కష్టపడినవాళ్లది. ఈ ఇంగ్లండు కుర్రాళ్లు వాళ్ల రికార్డులు విని నేర్చుకున్నారు" అన్నారు అంకుల్.

"మంచిదే. మరి ఆళ్ల పేరు జెప్పిన్రా?"

"కొందరు చెప్పారండీ. ఆ పాటలు కట్టిన పెద్దవాళ్లని ఇంగ్లండు పిలిపిస్తే జనం ఎగబడి విన్నారట. కొందరు పేరు మింగేశారు."

"మింగినోని నోట్లె మన్ను వడ!" అంది అవ్వ, చిక్కుడు ఈనె విసిరికొట్టి.

నిన్న ఇదంతా చెప్పాక నవీన్ మెత్తబడ్డాడు. "మీ అవ్వ పాట నాకు నేర్పుతవా? గిటార్ మీద వాయిస్త."

"నేర్పుత. గని ముందుగాల ఎల్లవ్వ పాట అని జెప్పాలె."

"జెప్పకపోతే?"

"తిట్టు యాదికున్నది గదా!"