వియ్యపురాలికి ఇచ్చిన తొలి గ్లాసు

మా వంటింటి గోడకున్న నీళ్ల మెషినుకు మూడు తెల్లటి ప్లాస్టరు ముక్కలు అంటించి ఉంటాయి. ఏ ఫిల్టరు ఎప్పుడు మార్చామో వాటి మీద నేను తేదీలు రాసి పెడతాను. మాధవరంలో మా బోరు నీళ్లు ఉప్పన. ఆ ఉప్పును ఆపేది మెషిను లోపల ఉండే మెంబ్రేన్, అంటే గట్టిగా చుట్ట చుట్టిన కాగితం లాంటి తెల్లటి గొట్టం. రెండేళ్లకో, రెండున్నరేళ్లకో దాని పని అయిపోతుంది. అయిపోయిందో లేదో కంపెనీ వాళ్లు చెప్పేదాకా నేను ఆగను. ఉప్పు కొలిచే పెన్ను లాంటి మీటరు ఒకటి కొనుక్కున్నాను. నెలకోసారి, ఒకటో తేదీన, గ్లాసులో ముంచి చూస్తాను. అరవై దగ్గర ఉండాల్సింది మే ఒకటిన నూట తొంభై చూపించింది.

ఇంకో నెల ఆగినా ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. ఆగకపోవడానికి కారణం మా వియ్యపురాలు. పధ్నాలుగున వస్తున్నానని సూళ్లూరుపేట నుంచి కూతురికి, అంటే మా కోడలికి, ఫోను చేసింది.

నాలుగేళ్ల కిందట, మా అబ్బాయి పెళ్లయిన కొత్తలో, ఇంకా మెషిను లేనప్పుడు, ఆమె మా ఇంట్లో ఒక గుక్క తాగి, "ఏంది వదినా, ఇంత ఉప్పగా ఉండాయి" అంది. నేను ఊరుకోలేదు. "ఈ నీళ్లతోనే ముగ్గురు బిడ్డల్ని పెంచాను వదినా. పడనోళ్లు ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు" అన్నాను. నవ్వుతూనే అన్నాను కానీ ఆ నవ్వు పెదవుల మీదే ఉంది.

ఆ తర్వాత ఆమె రెండుసార్లు వచ్చింది. అప్పటికి మెషిను పెట్టించాం. అయినా రెండుసార్లూ నీలం మూత సీసాతో నీళ్లు తెచ్చుకుంది. కాఫీ ఇస్తే సగం వదిలేసేది. చారు వద్దనేది. ఒకరింట్లో మంచినీళ్లు కూడా ముట్టకపోవడమంటే ఏమిటో మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నా మాటను నాకే తిప్పికొడుతోందనుకున్నాను. ఈసారి ఎలాగైనా ఆమె చేత మా నీళ్లు తాగించాలని పట్టుదల వచ్చింది.

పన్నెండున రమ్మన్న సర్వీసు మనిషి పధ్నాలుగు పొద్దున వచ్చాడు. పాత మెంబ్రేన్ లాగి కొత్తది బిగించి, "రెండు ట్యాంకులు వదిలేయండి మా. కొత్తదానికి పాడవకుండా మందు పూసి ఉంటుంది. మూడోది తాగండి" అని చెప్పి వెళ్లాడు. అతను చెప్పకముందే అది నాకు తెలుసు. మొదటి ట్యాంకు పట్టి గిన్నెలకు వాడాం. రెండోది నిండేసరికి వాకిట్లో ఆటో ఆగింది. ఒకప్పుడు బోరు ఎండితే లారీ నీళ్ల కోసం బిందె పట్టుకుని వీధిలో నిలబడ్డదాన్ని. ఒక ట్యాంకు పోయింది చాలు, రెండోది దేనికి పారబోయాలి అనిపించింది. మీటరు ముంచాను. నలభై రెండు. ఇంతకంటే మంచినీళ్లు ఎక్కడుంటాయి?

అప్పుడు నేను ఒక్క గుక్క తాగి చూసి ఉండాల్సింది. కానీ మా అమ్మ నేర్పిన పద్ధతి ఒకటుంది. కొత్త కుండైనా, కొత్త కొళాయైనా, తొలి నీళ్లు ఇంటివాళ్లు నోట పోసుకోకూడదు. వచ్చిన మనిషికి ఇవ్వాలి. వెండి గ్లాసు నిండా పట్టి, ఆమె చెప్పులు విప్పుతుండగానే ఎదురెళ్లాను.

"మెంబ్రేన్ మార్పించాను వదినా. తొలి గ్లాసు మీకే."

ఆమె గ్లాసును చూసింది. తర్వాత కూతురి వైపు చూసింది.

"వద్దులే అమ్మా, ఇప్పుడే ఎండలో..." అని కోడలు ఏదో అనబోయింది.

"నువ్వుండమ్మే" అని, ఆమె గ్లాసు పైకెత్తి, పెదవులకు తగలకుండా, ఒక్క చుక్క మిగల్చకుండా తాగింది.

"ఎట్లా ఉన్నాయి?"

"బాగుండాయి వదినా. మా ఊరి నీళ్ల మాదిరే ఉండాయి."

"ఇంక ఆ సీసా మోయక్కర్లేదు మీరు. రైల్లో చెయ్యి నొప్పి తప్ప ఏం లాభం?" అన్నాను. గెలిచినదాని గొంతు నాది. ఆమె నవ్వి లోపలికి వచ్చింది.

భోజనాలయ్యాక నేను అదే ట్యాంకు నుంచి ఒక గ్లాసు పట్టుకున్నాను. మొదటి గుక్కకే చేదు, కొత్త రబ్బరు గొట్టం వాసన. మింగలేక సింకులో ఉమ్మేశాను. మీటరు ఉప్పు చెబుతుంది కానీ మందు చెప్పదు. ఇలాంటి నీళ్లను ఆమె చివరి చుక్క దాకా తాగి బాగున్నాయందా? చెప్పుకుందామని ఆమెను వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్లాను.

కరివేపాకు తొట్టి పక్కన బట్టలుతికే రాయి మీద ఆమె కూర్చుని ఉంది. చేతిలో మా వెండి గ్లాసు. తన సీసాలోంచి దాన్ని అంచు దాకా నింపి, చూసుకుని, ఆ నీళ్లు తొట్టిలో పోసింది. సీసాకు నిలువునా ఒక కాగితం ముక్క అంటించి ఉంది. దాని మీద పెన్నుతో అడ్డగీతలు.

"ఏంటి వదినా, తెచ్చుకున్న నీళ్లు పారబోస్తున్నారు?"

ఆమె ఉలిక్కిపడింది. "ఏంల్యా. లెక్క సరిచేస్తుండా."

"ఏం లెక్క?"

వెనకాల గుమ్మంలోంచి కోడలు, "చెప్పేయమ్మా, ఇంకెన్నాళ్లు" అంది.

"కిడ్నీలు చెడిపోయినాయంట వదినా. మూడేండ్లయింది. దినానికి లీటరు కంటే ఎక్కువ తాగొద్దన్నాడు డాక్టరు. కాఫీ, చారు, మజ్జిగ, అన్నీ దాంట్లోనే. ఈ సీసా ఉంటే ఎంత తాగిందీ తెలుస్తాది. మీరిచ్చింది ఒక గ్లాసు ఎక్కువయింది గదా, అంత దీంట్లో తీసేస్తే సరి."

"నాకు ఒక్క మాట చెప్పి ఉంటే..."

కోడలే చెప్పింది. "నేనే వద్దన్నా అత్తా. మీరు లెక్కలేస్తారని."

"నేనేం లెక్కేస్తాను?"

"తల్లికి ఉంటే కూతురికి రాదా, కూతురికి వస్తే పిల్లలకు రాదా అని."

అలాంటిదాన్ని కానని అనబోయాను. కానీ కోడలు ఆ మాట ముగించకముందే నా తలలో ఆ లెక్క మొదలైంది. కోడలికి ముప్పై ఒకటి. తల్లికి ఎన్నో ఏట వచ్చింది, మనవరాలికి ఇప్పుడు రెండు... అక్కడిదాకా వెళ్లి ఆగాను. కోడలు నా ముఖం చూస్తూ ఉంది. ఆగిన చోటు కూడా ఆమెకు తెలిసిందనుకుంటాను. ఆ క్షణంలో నాకు కలిగిన సిగ్గు ఈ వయసులో ఇంకెప్పుడూ కలగలేదు.

మాట మార్చడానికి కాదు, చెప్పక తప్పదు కాబట్టి, "ఆ నీళ్లు చేదు వదినా. ఇప్పుడే తాగి చూశాను" అన్నాను.

"అవును, చేదే."

"మరి బాగున్నాయన్నారే?"

"చేత్తో తెచ్చి ఇచ్చినారు గదా. చేదంటే మళ్లా ఇంటి నుంచి తెచ్చుకోమంటారేమో అని" అని నవ్వింది. నా మాట నాలుగేళ్లుగా ఆమె దగ్గర భద్రంగానే ఉంది. సీసా మాత్రం దానికోసం కాదు. దినానికి ఒక లీటరు దొరికే మనిషి అందులో ఒక గ్లాసు నా పంతానికి ఇచ్చేసింది. అదీ పారబోయాల్సిన నీళ్లు.

ఆ సాయంత్రం మిగిలిన ట్యాంకంతా తూములోకి వదిలేశాను. తర్వాతది నిండాక ముందు నేనే తాగాను.

పదహారున ఆమె ప్రయాణం. వాకిట్లో ఆటో పెట్టుకుని వంటింట్లోకి వచ్చి ఖాళీ సీసా అందించింది. "ఇయ్యాల్టి లీటరు మీ నీళ్లే పొయ్యండి వదినా." మెషిను కింద పట్టాను. నీళ్లు పైగీత దాటాయి. కాస్త వంచి, మళ్లీ వెలుతురుకు ఎత్తి, గీతకు సరిచేశాను.

"వచ్చే నెల మళ్లా పరీక్షకు రక్తం ఇవ్వాల. పోయినసారి రిపోర్టులో నంబరు కొంచెం పెరిగిందన్నాడు డాక్టరు" అంది ఆమె చెప్పులు వేసుకుంటూ.

ఎంత అని అడగడానికి నా నాలుక లేచింది. కోడలు నన్నే చూస్తూ ఉంది. నీలం మూత బిగించి, సీసా ఆమె చేతికిచ్చాను.