మూడు కమ్మీలు తక్కువ

నీళ్ళ శాఖలో పైపుల నక్షాలు గీసే ఆవిడకు ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు గుమ్మటం. ఎదుట అనేవారు కాదు, చాటున అనుకునేవారు. ఆవిడకు తెలుసు. తెలిసినట్టు కనపడేది కాదు.

పేరు ఊరికే రాలేదు. పదిహేనేళ్ళ కిందట ఆవిడ రే ట్రేసింగ్ బొమ్మల మీద మనసు పారేసుకుంది. వెలుగు ఎక్కడ పడి ఎటు మళ్ళుతుందో కంప్యూటర్ ఒక్కో కిరణాన్నీ లెక్కగట్టి గీసే బొమ్మలవి. అలాంటి బొమ్మలో, త్రికోణాలతో అల్లిన జియోడెసిక్ గుమ్మటం ఒకటి నిలబెట్టాలని ఆవిడ కోరిక. ప్రతి కమ్మీ కొలతా చేత్తో రాస్తే పుణ్యకాలం కాస్తా గడిచిపోయేలా ఉంది. అందుకని చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి రాసుకుంది. ఎంత వెడల్పు, త్రికోణాలు ఎంత సన్నం, నిండు గోళమా సగమా అని చెబితే చాలు, కమ్మీలూ అవి కలిసే ముడులూ అన్నీ అదే లెక్కకట్టి ఇచ్చేది.

దర్జీ పని చేసే భర్త అది చూసి, "బల్లపరుపు ముక్కలతో గుండ్రం తేవడం నేను రోజూ చేసేదే. నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా," అన్నాడు.

ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడుకోవచ్చని ఇంటర్నెట్‌లో ఊరికే పెట్టేసింది. బొమ్మలు గీసేవాళ్ళు అప్పుడప్పుడు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాసేవారు.

ఒక గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ మరో మెయిల్ వచ్చింది. రాసింది ఓ చిన్నపిల్లల బడి హెడ్‌మిస్ట్రెస్. "మీ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కొలతలతో పిల్లలు ఎక్కి ఆడుకోవడానికి ఇనుప గుమ్మటం కట్టించాం. శనివారం పొద్దున ప్రారంభం. మీకు కృతజ్ఞతలు." కింద ఫోటో. ఇసుకలో పచ్చరంగు గుమ్మటం, నిలువెత్తుకు మించి ఉంది.

ఆవిడ టిఫిను డబ్బాకు మూత పెట్టేసింది.

సాఫ్ట్‌వేర్ పాత రూపంలో ఒక తప్పు ఉండేది. సగం గుమ్మటం అడిగితే, నేల కింద పడే కమ్మీలను అది తీసేయాలి. సరిగ్గా నేలమీద ఉండే కమ్మీల ఎత్తు సున్నా రావాలి. కంప్యూటర్ లెక్కలో కొన్నిటికి సున్నా కంటే వెంట్రుకవాసి తక్కువ వచ్చేది. అవి కూడా కిందివే అనుకుని పారేసేది. బొమ్మలో అడుగు కమ్మీలు నేలలో కలిసిపోతాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు. అదీగాక బొమ్మలో గుమ్మటం కూలదు. ఆవిడే కనిపెట్టి సరిచేసి, కొత్త రూపం పక్కన "చిన్న సవరణ" అని రెండు ముక్కలు రాసి ఊరుకుంది. పాతది ఇంకా అక్కడా ఇక్కడా దొరుకుతూనే ఉంది.

గుమ్మటం కాళ్ళు బయటికి జారకుండా పట్టి ఉంచేవి ఆ అడుగు కమ్మీలే.

బడికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. మెయిల్ రాసింది, జవాబు లేదు. ఫోటోను ఎంత పెద్దది చేసి చూసినా ఇసుక తప్ప ఏమీ కనపడలేదు.

"కొత్త దానితోనే చేసి ఉంటారేమో," అన్నాడు భర్త.

"ఏమో అనుకుని కూర్చోనా? వెళ్ళి చూస్తేగానీ అన్నం సయించదు నాకు."

శుక్రవారం సెలవు పెట్టి బస్సెక్కింది. నాలుగు గంటల దారి. కాగితం మీద అరవై అయిదు అని రాసుకుంది. ఫోటోలోని గుమ్మటానికి ఇన్ని కమ్మీలుండాలి. దారిలో బస్సు ఆగిన ప్రతిచోటా గడియారం చూసుకుంది.

బడి వెనక, వెల్డింగ్ చేసే పెద్దాయన ఒక్కడే గుమ్మటానికి రెండో పూత రంగు వేస్తున్నాడు. ఆవిడ పలకరించకుండానే ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తవ్వసాగింది.

"ఏం పోయిందమ్మా?" అన్నాడాయన.

"అడుగు కమ్మీలు ఎన్ని వేశారు?"

"కాగితంలో ఉన్నన్ని. మొత్తం అరవై రెండు." కుంచె పక్కన పెట్టాడు. "ఈ పక్క కాస్త ఊగుతోందని నాకూ అనుమానమే. కంప్యూటర్ లెక్క తప్పుతుందా అని నోరు మూసుకున్నా."

చుట్టూ తిరిగి తవ్వింది. పది ఉండాల్సిన చోట ఏడే తేలాయి. మూడూ ఒక్క వైపే తక్కువ. ఆ వైపు కాలు ఒకటి అప్పటికే రెండు వేళ్ళ వెడల్పు పక్కకు జరిగి ఉంది.

హెడ్‌మిస్ట్రెస్ వచ్చి అంతా విన్నది. మర్నాడు పొద్దున పిల్లల తల్లిదండ్రులందరూ వస్తున్నారు.

"తప్పుందని మీకు ముందే తెలుసా?"

"తెలుసండీ."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"బొమ్మలకే కదా అనుకున్నాను." ఆ మాట తన చెవికే అన్యాయంగా తోచింది. "అలా అనుకోవడం నా తప్పు. దయచేసి రేపు ఎవర్నీ ఎక్కనివ్వకండి."

హెడ్‌మిస్ట్రెస్ గేటుకు తాళం వేయించి, ప్రారంభం సోమవారానికి మార్చామని తానే అందరికీ కబురు పంపింది. ఆవిడకు కుర్చీ వేయమని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

శనివారం గొలుసు కట్టి జరిగిన కాలును లోపలికి లాగారు. పెద్దాయన మూడు కమ్మీలు కోసి అతికాడు. ఆవిడ ప్రతి ముడినీ పట్టి ఊపి చూసింది, లెక్క మళ్ళీ మళ్ళీ పెట్టింది.

"ఇంక చాలమ్మా. ఎన్నిసార్లు లెక్కపెట్టినా పిల్లల్ని పెట్టవు అవి," అన్నాడాయన.

సోమవారానికీ సెలవు చెప్పి ఆవిడ అక్కడే ఆగింది. ఆ రోజు పిల్లలు గుమ్మటం మీద చీమల్లా పాకారు. హెడ్‌మిస్ట్రెస్ రమ్మని సైగ చేసినా ఆవిడ దగ్గరికి వెళ్ళలేకపోయింది. గోడవారన నిలబడి, పైకి ఎక్కినవాళ్ళనూ దిగినవాళ్ళనూ లెక్కపెడుతూ ఉండిపోయింది. గుమ్మటం కదల్లేదు.

ఇంటికి వచ్చాక పాత ఉత్తరాలన్నీ తీసింది. సాఫ్ట్‌వేర్ వాడామని రాసినవాళ్ళు డెబ్భై నలుగురు. ఒక్కొక్కరికీ తప్పేమిటో, ఏ కమ్మీలు వెతకాలో విడమరిచి రాసింది. "బొమ్మలకే వాడాం," అని చాలామంది జవాబిచ్చారు. ఒకాయన పందిరి వేసుకున్నానని, రెండు కమ్మీలు తక్కువున్నాయని, వేయించానని రాశాడు.

పదకొండు మంది నుంచి ఏ జవాబూ రాలేదు. వాళ్ళ చిరునామాలు వేరే కాగితం మీద రాసి బల్ల మీద పెట్టుకుంది. పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళేముందు వాళ్ళకు ఇంకోసారి రాస్తుంది.